టక్కుమంటుంది, ఎత్తితే ఖాళీ: కయాక్ మీద స్పెకిల్డ్ ట్రౌట్ తగలకపోతే

హ్యూస్టన్ నుంచి శనివారం తెల్లవారుజామున కారు మీద కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) కట్టుకుని, స్పెకిల్డ్ ట్రౌట్ అనే సముద్రపు చేప కోసం గాల్వెస్టన్ తీరం వైపు పోయే మనవాళ్లు నాకు తెలిసే పదిమంది దాకా ఉన్నారు. మధ్యాహ్నానికి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "అన్నా, చేప కొడుతోంది గానీ తగలట్లేదు. ముల్లు మార్చమంటావా, రంగు మార్చమంటావా?" నేను అడిగేది ఒక్కటే: గాలం వేసినప్పుడు పడవ ఎటు పోతోంది? అవతల నిశ్శబ్దం. అది చూసుకోకుండానే దుకాణానికి వెళ్లి మరో నాలుగు ప్యాకెట్ల ప్లాస్టిక్ ఎరలు కొనేసి ఉంటారు.

అసలు కాటే లేదు

ముందు అక్కడ నీళ్లున్నాయా చూడండి. టెక్సస్ తీరంలో పోటుపాట్ల తేడా మామూలుగా రెండడుగులు కూడా ఉండదు. చలికాలంలో ఉత్తరపు గాలి గట్టిగా తోస్తే పట్టికలో పోటు అని రాసి ఉన్నా బే (చిన్న అఖాతం) ఖాళీ అయిపోతుంది. అందుకే అంచనా పట్టిక ఒక్కటే చూసి బయలుదేరకండి, అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా వాళ్ల స్టేషన్ ఆ గంటకు కొలిచిన నీటిమట్టం కూడా చూడండి. రెండోది, నీటి మీద ట్రౌట్ తినే మల్లెట్ చేపపిల్లలు ఎగురుతున్నాయా? ఎరచేప కనిపించని చోట రెండు గంటలు కూర్చుంటే అది ఓపిక కాదు, మొండితనం. మూడోది చప్పుడు. మోకాలిలోతు నీళ్లలో తెడ్డును పడవ ప్లాస్టిక్ మీద ఠప్పున పెడితే ఆ చుట్టుపక్కల చేప ఉండదు.

కాటు తెలుస్తుంది, ఎత్తితే ఏమీ ఉండదు

మొదట ఎర తోక చూడండి. తోక కొరికేసినట్టు తెగి ఉంటే అది పిన్‌ఫిష్ అనే చిన్న చేపల పని, అక్కడి నుంచి కదలండి. తోక నిక్షేపంగా ఉంటే ముల్లు మొనను గోరు మీద ఆనించి లాగండి. జారితే మొద్దుబారింది. ఈ రెండూ సరిగ్గా ఉండి కూడా రోజంతా టక్, టక్ మంటూ చెయ్యి ఖాళీగా వస్తుంటే, పదింట ఎనిమిదిసార్లు కారణం దారంలో వదులు. ఆ వదులు మీ చేతి తప్పు కాదు, పడవ తెచ్చిపెడుతోంది.

నేను దీనికి ఒక వేసవి మొత్తం బలైపోయాను. క్రిస్మస్ బేలో ఫోలెట్స్ ఐలండ్ ఒడ్డున దిగేవాణ్ణి. వేసవిలో అక్కడ ఆగ్నేయపు గాలి. పడవను గాలికి వదిలేసి, నీటి అడుగున పెరిగే గడ్డి మీదుగా తేలుతూ ముందుకు గాలం విసిరేవాణ్ణి. గాలి వీపు వెనక ఉంటుంది కాబట్టి ఎర చాలా దూరం పోతుంది, మనసుకు హాయిగా ఉంటుంది. పొరపాటు జరిగేది అక్కడే. విసిరిన మరుక్షణం నుంచి పడవ ఎర మీదికే పోతోంది. రాడ్ మార్చాను, బ్రెయిడ్ (అల్లిన దారం) మార్చాను, జిగ్ హెడ్ (సీసపు తల ఉన్న ముల్లు) బరువు పెంచాను. బరువు పెంచాక ఎర నేరుగా గడ్డిలో కూర్చోవడం మొదలుపెట్టింది. చివరికి ఒకరోజు పులిహోర డబ్బా తీద్దామని బురదలో కర్ర గుచ్చి పడవ కట్టేశాను. తింటూ తింటూ ఒంటిచేత్తో విసిరిన గాలానికి వరసగా రెండు తగిలాయి. అదే చోటు, అదే ఎర. మారింది పడవ ఆగడం ఒక్కటే.

లెక్క వేస్తే ఆశ్చర్యం ఏమీ లేదు. గంటకు మైలున్నర వేగమంటే తెడ్డు పక్కన పెట్టినవాడికి పడవ కదులుతున్నట్టే అనిపించదు. కానీ అది సెకనుకు 67 సెంటీమీటర్లు. మనం వాడే 2500 సైజు రీలు ఒక చుట్టుకు లాగేది సుమారు 70. అంటే సెకనుకో చుట్టు తిప్పినా పడవ తెచ్చిన వదులు ఎత్తడానికే సరిపోయింది, ఎర ఉన్నచోటే ఉంది. మీరు తిప్పడం ఆపి ఎరను కిందికి దిగనిచ్చే రెండు సెకన్లలో మీటరు పైగా దారం ఉత్తిదే. ట్రౌట్ ఎరను అందుకునేది ఎక్కువగా అది దిగేటప్పుడే. నోట్లోకి పీల్చుకుంటుంది, నచ్చక ఊసేస్తుంది. మీరు రాడ్ ఎత్తేసరికి వదులు సర్దుకోవడానికే ఆ ఊపంతా అయిపోతుంది.

పరీక్షకు పైసా ఖర్చు లేదు. గాలం వేసి, తిప్పడం ఆపి, రాడ్ కొస నుంచి నీటిదాకా దారాన్ని చూడండి. మూడు సెకన్లలో దారం పొట్టలా వేలాడితే జబ్బు తెలిసినట్టే. ఫోన్‌లో జీపీఎస్ వేగం చూసినా చాలు.

మందుల్లో మొదటిది కర్ర. రెండుమూడు అడుగుల నీళ్లకు ఏడెనిమిది అడుగుల స్టేక్ అవుట్ పోల్ (బురదలో గుచ్చి పడవ కట్టే కర్ర) హాయిగా చాలుతుంది. దాన్ని పడవ ముందు కొసకో వెనక కొసకో కట్టండి, పడవ నడుముకు కట్టకండి. గాలి కొడితే పడవ ఒరిగిపోతుంది. ఆల్చిప్పల దిబ్బల మీద కర్ర దిగదు, అక్కడ చిన్న లంగరు. తేలుతూనే వెతకాలనుకుంటే డ్రిఫ్ట్ సాక్ (నీళ్లలో లాగుతూ పడవ వేగం తగ్గించే గుడ్డ సంచి) వేయండి, అదీ కొసకే. పెడల్ కయాక్ ఉన్న అదృష్టవంతులు వెనక్కి తొక్కుతూ నిలబెట్టుకోవచ్చు. ఇవేవీ లేని రోజున గాలికి అడ్డంగా, పక్కకు విసరండి. అప్పుడు దారాన్ని గాలి విల్లులా వంచుతుంది కాబట్టి రాడ్ కొస నీటికి దగ్గరగా ఉంచాలి. జిగ్ హెడ్ మాత్రం 1/8 ఔన్స్ దాటనివ్వకండి. గడ్డి దట్టంగా ఉంటే 1/16.

పాపింగ్ కార్క్ (చప్పుడు చేసే తేలే బెండు) వేస్తే బాగానే తగులుతున్నాయి కదా అని ఒకాయన వాదించాడు. తగులుతాయి. బెండు ఎరను గడ్డికి పైనే వేలాడదీస్తుంది, మునిగినప్పుడు కంటికీ కనిపిస్తుంది. జబ్బు పోలేదు, నొప్పి తెలియలేదంతే.

తగిలింది, పడవ పక్కకొచ్చాక ఊడిపోయింది

పేరులో ట్రౌట్ ఉన్నా ఇది ట్రౌట్ కాదు. మన కోస్తాలో గొరక అంటారే, ఆ కుటుంబం. దవడ పక్కన పొర కాగితంలా ఉంటుంది, గట్టిగా లాగితే చిరిగిపోతుంది. రీల్లో దారాన్ని బిగించే డ్రాగ్ వదులు చేయండి. పడవ పక్కన తల విదిలించేటప్పుడు దారం పట్టుకుని ఎత్తకండి, వల పెట్టండి. వలను తల వైపు నుంచి పెట్టాలి, తోక వైపు నుంచి కాదు. వదిలేయాల్సిన చేపైతే చెయ్యి తడుపుకుని పట్టుకోండి. టెక్సస్‌లో ఇప్పుడు రోజుకు మూడే, 15 నుంచి 20 అంగుళాల మధ్యవి. కాబట్టి వదిలేసేవే ఎక్కువ.

లీడర్ (ముల్లుకు ముందు కట్టే దారం) మందం, ఎర వాసన, చంద్రుడు, అపశకునంగా అరటిపండు తెచ్చిన బావమరిది: ఇవన్నీ పైవి చూశాక. నా అనుభవంలో అక్కడిదాకా పోవాల్సి వచ్చింది రెండుసార్లే, రెండుసార్లూ లీడర్ ఆల్చిప్పకు గీసుకుపోయి ఉంది.

ఇంకొకటి. ఫోలెట్స్ ఐలండ్ వైపు దిగినవాళ్లను ఆగ్నేయపు గాలి లోపలికి తోస్తుంది, తిరుగుదారి అంతా ఎదురుగాలే. అక్కడ చేప తగలట్లేదని ఇంకాస్త, ఇంకాస్త అంటూ తేలిపోయేముందు వెనక్కి తిరిగి మీ కారు ఎంత చిన్నగా కనిపిస్తోందో చూసుకోండి.