నాలుకను రోజూ ఎలా గమనించాలి? వేళను బట్టి మారే పాచి, రంగు

పొద్దున్నే అద్దంలో నాలుక తెల్లగా కనిపిస్తే చాలామంది కంగారు పడతారు. మెలకువగా ఉన్నప్పుడు ఏమీ నమలకపోయినా నోట్లో నిమిషానికి సుమారు 0.3 మి.లీ. లాలాజలం ఊరుతుంది. నిద్రలో ఆ ఊట దాదాపు ఆగిపోతుంది. దాంతో రాలిన కణాలు, బ్యాక్టీరియా నాలుక మీది సన్నని నూగులో పేరుకుని పాచి అవుతాయి. నోరు తెరుచుకుని నిద్రపోయేవాళ్లకు ఇంకాస్త మందంగా ఉంటుంది. లేచి, తిని, మాట్లాడాక చాలావరకు పోతుంది. సాయంత్రానికి లాలాజలం బాగా ఊరుతుంది కాబట్టి నాలుక అప్పుడే శుభ్రంగా కనిపిస్తుంది. అందుకే ఉదయాన్ని ఉదయంతోనే పోల్చాలి.

1. వేళ కుదుర్చుకోండి. నిద్ర లేచిన పది నిమిషాల్లోపు, పాచినోటితోనే, మంచినీళ్లు కూడా తాగకముందు ఒకసారి చూడండి. తిని కనీసం గంటన్నర అయ్యాక, సాయంత్రం అయిదు ప్రాంతంలో రెండోసారి. రాత్రి షిఫ్టు చేసి మధ్యాహ్నం రెండింటికి లేచేవాళ్లకు అదే ఉదయం.

2. కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట నిలబడండి. పసుపు బల్బు కింద ఎవరి నాలుకైనా కామెర్లు వచ్చినట్టే ఉంటుంది. ఫొటో తీస్తే ఫ్లాష్, బ్యూటీ మోడ్ రెండూ ఆపేయండి. గడ్డం కింద తెల్ల కాగితం పట్టుకుంటే రేపటి ఫొటోతో రంగు పోల్చడం తేలిక.

3. నాలుకను వదులుగా, కొన కిందికి వాలేలా చాపండి. పది సెకన్లు చాలు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే: బిగించి చాలాసేపు చాపితే రంగు ముదురుతుంది, దాన్నే జబ్బు అనుకుంటారు. మళ్లీ చూడాలంటే నోరు మూసుకుని అర నిమిషం ఆగండి.

4. పాచికి 0 నుంచి 3 వరకు అంకె వేయండి: లేదు, పలుచన, మందం, కింద రంగు కనబడనంత మందం. తడి, అంచుల మీద పళ్ల గుర్తులు, పుండ్లు, మచ్చలు కూడా రాసుకోండి. ముందు రోజు ఉపవాసమో, రోజానో ఉంటే అదీ రాయాలి, నమలని రోజు పాచి పెరుగుతుంది. కాఫీ, పసుపు, నేరేడు పళ్లు, కిళ్లీ రంగు అంటిస్తాయి. కొన్ని అలర్జీ మాత్రలు నోరు ఎండబెడతాయి.

5. చూశాకే గీసుకోండి. నాలుకబద్దతో వెనక నుంచి ముందుకు, మెల్లగా నాలుగైదు సార్లు. రక్తం వచ్చేలా గీస్తే మంట మిగులుతుంది, మర్నాటి పరిశీలన కూడా పాడవుతుంది.

రెండు వారాలు రాశాక మీ నాలుక మామూలు తీరు తెలుస్తుంది. వెనక భాగంలో వి ఆకారంలో వరసగా కనిపించే పెద్ద బుడిపెలు అందరికీ ఉండేవే. సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు ఉంటాయి, వాటిని గోకకండి. కొందరికి ఎర్రటి మచ్చలు తెల్లటి అంచుతో వచ్చి, కొన్ని రోజుల్లో చోటు మారుతుంటాయి. చూడ్డానికి భయంగా ఉన్నా ఇది సాధారణంగా హాని లేనిదే.

వేళతో పాటు మారనివే ముఖ్యం. ఉదయం, సాయంత్రం కూడా నాలుక నున్నగా, ఎర్రగా మండుతుంటే బి12 లేదా ఐరన్ లోపం ఉందేమో రక్తపరీక్షలో తేలుతుంది. గీస్తే ఊడి కింద ఎర్రగా కనిపించే పెరుగులాంటి తెల్లటి పొర ఫంగస్ కావచ్చు. షుగరు ఉన్నవాళ్లలో, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడి పుక్కిలించనివాళ్లలో ఇది వస్తుంటుంది. గీసినా పోని తెల్ల మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, గట్టిపడిన అంచు కనిపిస్తే డెంటిస్టుకో ఈఎన్‌టీ డాక్టరుకో చూపించాలి. గుట్కా, ఖైనీ, పొగ అలవాటున్నవాళ్లు ఇందులో అసలు ఆలస్యం చేయొద్దు. వెళ్లేటప్పుడు తేదీలతో ఫొటోలు, వాడుతున్న మాత్రల జాబితా పట్టుకెళ్లండి.