పోస్ట్‌గ్రెస్‌లో రోల్స్ పెట్టి పర్మిషన్లు ఇవ్వడం ఎలా?

చాలా టీముల్లో యాప్‌కీ, డెవలపర్లకీ, రిపోర్టులు తీసేవాళ్లకీ అందరికీ కలిపి పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఒకటే లాగిన్ ఉంటది, అది కూడా సూపర్‌యూజర్. సూపర్‌యూజర్‌కి పర్మిషన్ చెకింగే ఉండదు కదా, ఎవరో ఏ రికార్డులు తీసెయ్యాలో చెప్పే వేర్ కండిషన్ రాయడం మర్చిపోయి డిలీట్ కొడితే టేబుల్ మొత్తం ఖాళీ అయిపోతది, ఎవరు కొట్టారో లాగ్ చూసినా తేలదు, అందరి పేరూ ఒకటేగా మరి. దీనికి కొత్త టూల్ ఏదీ కొనక్కర్లేదు. 2005లో వచ్చిన 8.1 వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌లో యూజర్లూ గ్రూపులూ అన్నీ రోల్సే, లాగిన్ ఉంటే యూజర్, లేకపోతే గ్రూప్ అనుకోండి. పర్మిషన్ ఎప్పుడైనా గ్రూప్ రోల్‌కే ఇవ్వాలి, మనిషికి డైరెక్ట్‌గా ఇవ్వొద్దు, నేనైతే దీంట్లో ఒక్క మినహాయింపు కూడా ఒప్పుకోను.

కమాండ్లు ఇక్కడ పలికినట్టు రాస్తున్నా, మీరు ఇంగ్లీష్ అక్షరాల్లోనే టైప్ చెయ్యండి.

స్టెప్ 1: సేల్స్ అనే స్కీమా (డేటాబేస్‌లో టేబుల్స్ పెట్టుకునే ఫోల్డర్ లాంటిది) ఉందనుకుందాం. మూడు రోల్స్ చాలు: టేబుల్స్ కట్టడానికి సేల్స్_ఓనర్, యాప్ డేటా రాయడానికి సేల్స్_రైట్, చూడ్డానికి మాత్రమే సేల్స్_రీడ్. మూడూ క్రియేట్ రోల్‌తో, నోలాగిన్ పెట్టి చెయ్యండి, స్కీమా కూడా సేల్స్_ఓనర్ పేరు మీదే ఉండాలి.

స్టెప్ 2: డేటాబేస్‌లోకి కనెక్ట్ అయ్యే హక్కు డిఫాల్ట్‌గా ప్రతి రోల్‌కీ ఉంటది, దాన్ని రివోక్ కనెక్ట్ ఆన్ డేటాబేస్ అని పబ్లిక్ (అంటే అన్ని రోల్స్) నుంచి తీసేసి ఈ మూడింటికే ఇవ్వండి. ఇంకోటి, 15వ వెర్షన్ ముందు వరకూ డేటాబేస్‌తో పాటే వచ్చే పబ్లిక్ అనే స్కీమాలో ఎవరైనా టేబుల్ పెట్టేయగలిగేవాళ్లు, 15లో అది మారింది కానీ పాత డేటాబేస్‌ని అప్‌గ్రేడ్ చేసుంటే పాత పర్మిషనే అలా ఉండిపోతది, కాబట్టి రివోక్ క్రియేట్ ఆన్ స్కీమా పబ్లిక్ ఫ్రమ్ పబ్లిక్ కూడా కొట్టెయ్యండి.

స్టెప్ 3: ముందు గ్రాంట్ యూసేజ్ ఆన్ స్కీమా సేల్స్ (స్కీమాలోకి వెళ్లే హక్కు), ఆ తర్వాతే టేబుల్స్ మీద గ్రాంట్. యూసేజ్ లేకుండా సెలెక్ట్ ఒక్కటే ఇస్తే పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా అని వస్తది, కొత్తవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు. సేల్స్_రీడ్‌కి సెలెక్ట్, సేల్స్_రైట్‌కి సెలెక్ట్, ఇన్సర్ట్, అప్‌డేట్, అవసరమైతేనే డిలీట్. సీరియల్ కాలమ్స్ (నంబర్ దానంతటదే పెరిగేవి) వాడుతుంటే ఆ నంబర్లు ఇచ్చే సీక్వెన్స్‌ల మీద కూడా యూసేజ్ ఇవ్వాలి, లేకపోతే ఇన్సర్ట్ ఫెయిల్ అవుతది.

స్టెప్ 4: ఇది జాగ్రత్తగా చదవండి. గ్రాంట్ ఆన్ ఆల్ టేబుల్స్ అంటే ఇవాళ ఉన్న టేబుల్స్ వరకే, రేపు మైగ్రేషన్‌లో (టేబుల్స్‌ని మార్చే స్క్రిప్ట్‌లో) కొత్త టేబుల్ వస్తే దాని మీద ఓనర్‌కి తప్ప ఇంకెవరికీ ఏమీ ఉండదు, రిపోర్టు ఆగిపోతది, అప్పుడు కంగారులో ఎవరో ఒకరు సూపర్‌యూజర్ ఇచ్చేస్తారు, మొదటికొస్తది. అందుకే ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్ ఫర్ రోల్ సేల్స్_ఓనర్ ఇన్ స్కీమా సేల్స్ గ్రాంట్ సెలెక్ట్ ఆన్ టేబుల్స్ టు సేల్స్_రీడ్ అని రాయాలి, రైట్ రోల్‌కీ సీక్వెన్స్‌లకీ కూడా ఇలాగే. ఫర్ రోల్ ముక్క వదిలేస్తే ఆ కమాండ్ కొట్టినవాళ్లు చేసే టేబుల్స్‌కే అది వర్తిస్తది. అలాగే మైగ్రేషన్ లాగిన్ సేల్స్_ఓనర్‌లో మెంబర్ అయినంత మాత్రాన సరిపోదు, టేబుల్ ఆ లాగిన్ పేరు మీదే పుడతది, డిఫాల్ట్‌లు పనిచెయ్యవు. మైగ్రేషన్ మొదటి లైన్‌లోనే సెట్ రోల్ సేల్స్_ఓనర్ ఉండేలా చూసుకోండి.

స్టెప్ 5: ఇక మనుషులు. ఒక్కొక్కరికీ, యాప్‌కీ విడివిడిగా లాగిన్ రోల్ చేసి గ్రాంట్ సేల్స్_రీడ్ టు ఫలానా (యాప్‌కైతే సేల్స్_రైట్) అంటే అయిపోయింది. పాస్‌వర్డ్‌ని కమాండ్‌లో రాయొద్దు, లాగుల్లో ఉండిపోవచ్చు, పీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్ కమాండ్లు కొట్టే టూల్) బ్యాక్‌స్లాష్ పాస్‌వర్డ్ వాడండి.

స్టెప్ 6: టెస్ట్ చెయ్యకుండా వదలొద్దు. సెట్ రోల్ సేల్స్_రీడ్ అని ఆ రోల్‌లోకి మారి ఒక సెలెక్ట్, ఒక డిలీట్ కొట్టండి, డిలీట్ ఫెయిల్ అవ్వాలి. ప్రొడక్షన్‌లో (అసలు డేటాబేస్) కాదు, స్టేజింగ్‌లో (టెస్టింగ్ కాపీ), ఒకవేళ పర్మిషన్ తప్పు ఉంటే డిలీట్ నిజంగానే జరిగిపోతది. తర్వాత రీసెట్ రోల్. ఏ టేబుల్ మీద ఎవరికి ఏముందో బ్యాక్‌స్లాష్ డీపీ చూపిస్తది, డిఫాల్ట్‌లకి బ్యాక్‌స్లాష్ డీడీపీ.

స్టెప్ 7: ఎవరైనా కంపెనీ వదిలి వెళ్తే ముందు ఆ రోల్‌ని నోలాగిన్ చెయ్యండి, కానీ అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లు దాంతో తెగవు, వాటిని పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్‌తో ఆపాలి. వాళ్ల పేరు మీద టేబుల్స్ ఉంటే డ్రాప్ రోల్ ఒప్పుకోదు, ముందు రీఅసైన్ ఓన్డ్‌తో వాటిని సేల్స్_ఓనర్‌కి మార్చి, తర్వాత డ్రాప్ ఓన్డ్, చివర్లో డ్రాప్ రోల్. ఈ వరస అస్సలు తప్పొద్దు, రీఅసైన్ చెయ్యకుండా డ్రాప్ ఓన్డ్ కొడితే ఆ టేబుల్సే పోతాయి. రోల్ సర్వర్ మొత్తానికి ఒకటే అయినా ఈ రీఅసైన్, డ్రాప్ ఓన్డ్ మాత్రం వాళ్లకి ఏమైనా ఉన్న ప్రతి డేటాబేస్‌లోకీ వెళ్లి విడిగా కొట్టాలి.