వార్డుకు పంపే ముందు నర్సింగ్ విద్యార్థులకు హెచ్‌ఐవీ పాఠం ఎలా చెప్పాలి?

హెచ్‌ఐవీ ఎలా సోకుతుందన్న ప్రశ్నకు నర్సింగ్ విద్యార్థులలో చాలామంది పరీక్షలో సరిగ్గానే రాస్తారు; అదే హెచ్‌ఐవీ ఉన్న రోగికి వార్డులో బీపీ చూడమంటే గ్లవ్స్ కోసం వెతుక్కునేవారూ వారిలో ఉంటారు. కనుక క్లినికల్ పోస్టింగ్‌కు ముందు ట్యూటర్లు 'దోమకాటుతో వస్తుందా?' వంటి ప్రశ్నలను పక్కనబెట్టి, ఈ రోగికి దుప్పటి మార్చేటప్పుడు, రక్తం తీసేటప్పుడు ఏయే జాగ్రత్తలు తీసుకుంటారో పేరు లేని కాగితంపై రాయించాలి. పక్క మంచం మీది రోగి గురించీ అవే ప్రశ్నలు వేసి, జవాబుల్లో తేడా వచ్చిన చోట పాఠం మొదలుపెట్టాలి.

రక్తం, శరీర ద్రవాలు తగిలే పనికి రోగి ఎవరైనా గ్లవ్స్ తప్పనిసరి. గాయాల్లేని చర్మంపై నాడి, బీపీ చూడడానికి అవి అక్కరలేదు. విండో పీరియడ్‌లో (వైరస్ సోకినా పరీక్షలో ఇంకా బయటపడని తొలి దశలో) ఉన్నవారికి పరీక్షలో నెగటివ్ రావచ్చు, అసలు పరీక్షే చేయించుకోనివారూ ఉంటారు కనుక, పాజిటివ్ అని తెలిసిన ఒక్కరి దగ్గరే జాగ్రత్తపడడం వల్ల ప్రయోజనం లేదు.

ఎక్కువ సమయం సూదికి కేటాయించాలి. హెచ్‌ఐవీ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం సుమారు 0.3 శాతం కాగా, టీకా వేయించుకోనివారికి హెపటైటిస్-బి విషయంలో అది 30 శాతం దాకా ఉండవచ్చు. ఈ రెండు అంకెలనూ బోర్డుపై పక్కపక్కన రాసి, ఎందరు టీకా మూడు డోసులూ పూర్తి చేశారో అక్కడే అడగడం మంచిది. వాడిన సూదికి తిరిగి మూత పెట్టకుండా, నేరుగా, సూది గుచ్చినా చిల్లుపడని తెల్ల డబ్బాలో వేయడం చేతికి అలవాటయ్యేదాకా చేయించాలి. ఒకవేళ గుచ్చుకుంటే వేలిని నోట్లో పెట్టుకోకూడదు, పిండకూడదు, స్పిరిట్ రుద్దకూడదు. పారే నీటి కింద సబ్బుతో కడుక్కుని వెంటనే ఇన్‌ఛార్జి సిస్టరుకు చెప్పాలి. డాక్టరు అవసరమని నిర్ణయిస్తే పీఈపీ (హెచ్‌ఐవీ సోకకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే) మందుల మొదటి మోతాదును వీలైతే 2 గంటల్లోపు, ఆలస్యమైనా 72 గంటలు దాటకుండా వేసుకుని, 28 రోజులు కొనసాగించాలి. తిడతారన్న భయంతో దాచేవారుంటారు కనుక, రాత్రి డ్యూటీలో ఎవరికి చెప్పాలో, మందులు ఎక్కడుంటాయో ముందే చూపించాలి.

2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం వివక్షను నిషేధించి, రోగి వివరాల గోప్యతను కాపాడుతుంది. కేస్ షీటు మీద ఎర్ర సిరాతో 'హెచ్‌ఐవీ' అని పెద్దగా రాయడం, మంచానికి గుర్తు కట్టడం దీనికి విరుద్ధమని స్పష్టంగా చెప్పాలి. 'మా తమ్ముడికి ఏం జబ్బు సిస్టర్?' అని అడిగితే, 'ఆ వివరాలు ఆయన్నే అడగండమ్మా, మేం ఎవరి గురించీ చెప్పకూడదు' అనే జవాబును ఇద్దరిద్దరిచేత పలికించాలి.

పోస్టింగ్ ముగిశాక అవే ప్రశ్నలు, ఈసారీ పేరు లేకుండానే వేయాలి. పేరుంటే అందరూ ట్యూటరుకు నచ్చే జవాబే రాస్తారు.