ఆవు పాలు పడని పసివారికి ఏ పాలు పట్టాలి?

‘వీడికి పాలు పడటం లేదు’ అనే మాటను మన ఇళ్లలో మూడు వేర్వేరు ఇబ్బందులకు వాడుతుంటాము. పాలు తాగిన కాసేపటికే ఒంటి మీద దద్దుర్లు లేవడం, పెదవులు ఉబ్బడం, వాంతులు కావడం, లేదా కొన్ని రోజులుగా విరేచనంలో నెత్తురు జీర కనిపించడం మొదటిది. ఇది పాలలోని మాంసకృత్తుల వల్ల వచ్చే అలర్జీ కావచ్చు. పొట్ట ఉబ్బరించి, నీళ్ల విరేచనాలు కావడం రెండోది. పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగకపోతే ఇలా జరుగుతుంది. మూడోది కేవలం అయిష్టం. ఈ మూడింటికీ పరిష్కారం ఒకటి కాదు కనుక, ఏ పాలు కొనాలన్న ప్రశ్న కంటే ముందు ఏ ఇబ్బంది అన్నది తేల్చుకోవాలి.

ఇంట్లో గమనించదగిన ఆనవాలు ఒకటి ఉంది. పాలు తాగితే కడుపు ఉబ్బే బిడ్డ పెరుగన్నం మాత్రం హాయిగా తిని అరిగించుకుంటుంటే, సమస్య లాక్టోజ్‌ది అయ్యే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే పాలు తోడుకునేటప్పుడు ఆ చక్కెరలో కొంత భాగం తరిగిపోతుంది. పెరుగు, మజ్జిగ, చివరికి పాలపొడి కలిపిన బిస్కట్టుకు కూడా దద్దుర్లు లేస్తుంటే అలర్జీని అనుమానించాలి. ఇది అనుమానమే తప్ప నిర్ధారణ కాదు. పాల పదార్థాలను రెండు నుంచి నాలుగు వారాలు పూర్తిగా మానిపించి, మళ్లీ తన పర్యవేక్షణలో ఇచ్చి చూసి పిల్లల వైద్యుడే తేల్చాలి. పెదవులు, నాలుక వాచి ఊపిరి పీల్చుకోవడం కష్టమైతే మాత్రం అదేమిటో తేల్చుకునే ప్రయత్నం ఇంట్లో చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఇక విరేచనాల జబ్బు తగ్గిన కొత్తలో పాలు అరగకపోవడం చాలా మంది పిల్లల్లో తాత్కాలికమే. పేగు లోపలి పొర కోలుకోగానే కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. ఆ పాటి దానికి ఏళ్ల తరబడి పాలు మానిపించిన తల్లిదండ్రులు నాకు తెలుసు.

ఏడాది నిండని బిడ్డకు సోయా పానీయం, బాదం పానీయం, బియ్యపు గంజి వంటివి ఏవీ తల్లిపాల స్థానంలో పనికిరావు. ఆ వయసులో తల్లిపాలే ఆధారం. తల్లిపాలు తాగే బిడ్డకు ఆవు పాల అలర్జీ ఉందని తేలితే తల్లిపాలు మానిపించనక్కర లేదు. వైద్యుడి సలహా మీద తల్లి తన భోజనంలో పాలు, పెరుగు, మజ్జిగ వంటి పాల పదార్థాలన్నీ మానేసి, కాల్షియం మాత్రలు వేసుకుంటే సరిపోతుంది. డబ్బా పాలు తప్పని బిడ్డలకు మాంసకృత్తులను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టిన ప్రత్యేక ఫార్ములాలు ఉన్నాయి. వాటి ధర గుండె గుభేలుమనిపించే మాట నిజమే. అందుకే ఆరు నెలలు దాటిన కొందరు బిడ్డలకు వైద్యులు సోయా ఫార్ములాను సూచిస్తారు, అయితే ఆవు పాలు పడని వారిలో కొందరికి సోయా కూడా పడదు కాబట్టి దాన్ని సొంత నిర్ణయంతో మొదలుపెట్టకూడదు.

ఇంట్లో పెద్దవాళ్లు తరచూ ఇచ్చే సలహా, ‘ఆవు పాలు పడకపోతే గేదె పాలు పట్టండి, లేదంటే మేక పాలు పట్టండి’ అన్నది. అలర్జీ విషయంలో ఇది ప్రమాదకరమైన సలహా. ఆవు, గేదె, మేక పాలలోని మాంసకృత్తులు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటాయంటే, ఒకటి పడని బిడ్డకు మిగిలినవి కూడా దాదాపుగా పడవు. పైగా మేక పాలలో ఫోలేట్ అనే బి విటమిన్ బాగా తక్కువ, అవే ఆధారంగా పెరిగే పసిబిడ్డకు రక్తహీనత రావచ్చు. లాక్టోజ్ మూడింటిలోనూ ఉంటుంది గనుక ఆ సమస్యకూ ఈ మార్పిడి పనిచేయదు. గాడిద పాల సంగతి కొంచెం వేరు. ఆవు పాల అలర్జీ ఉన్న పిల్లలపై ఇటలీలో వైద్యుల పర్యవేక్షణలో వాటిని పరీక్షించిన మాట నిజం, కానీ మన వీధుల్లో ‘గాడిద పాలో’ అంటూ వచ్చి ఇంటి ముందే పితికి, కాచకుండా చిన్న గిన్నెలో పోసే పాలకు ఆ పరీక్షలతో సంబంధం లేదు. పచ్చి పాలు పసివారికి రోగాలు తెచ్చిపెట్టగలవు, గాడిద పాలలో కొవ్వు కూడా చాలా తక్కువ.

ఏడాది దాటిన బిడ్డ విషయానికి వద్దాము. మనం వెతకవలసినది పాలలా తెల్లగా ఉండే మరో ద్రవాన్ని కాదు. పాలు ఇంతకాలం బిడ్డకు ఏమి ఇస్తున్నాయో దానికి బదులును. 200 మిల్లీలీటర్ల ఆవు పాలలో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, 240 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. ఒకటి నుంచి మూడేళ్ల బిడ్డకు రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది, అంటే ఒక గ్లాసు పాలతో దాదాపు సగం గడిచిపోతుంది. ఇప్పుడు పది బాదం గింజలు నానబెట్టి, తొక్క తీసి, మెత్తగా రుబ్బి, గుడ్డలో వడకట్టి అదే గ్లాసు నింపారనుకోండి. గింజల మొత్తంలో ఉన్నదే రెండు గ్రాములకు కాస్త అటూ ఇటూ మాంసకృత్తులు, సుమారు ముప్పై మిల్లీగ్రాముల కాల్షియం. అందులో కొంత గుడ్డలోని పిప్పితో పోతుంది. చూడటానికి చిక్కగా, తెల్లగా, ఖరీదుగా ఉంటుంది, బిడ్డ కడుపు కూడా నిండుతుంది. ఆకలి తీరడం వల్ల అన్నం తినడు, గ్లాసులో పోషకాలూ లేవు. బియ్యం పానీయాన్ని ఐదేళ్ల లోపు పిల్లలకు ఇవ్వవద్దని, అందులో ఆర్సెనిక్ అనే విషపదార్థం చేరే అవకాశం ఉన్నందున, బ్రిటన్ ఆరోగ్య సేవ స్పష్టంగా చెబుతుంది. కొబ్బరి పాలు పండగ పాయసానికి చక్కగా ఒదుగుతాయి, రోజువారీ పాలకు బదులు కావు.

మాంసకృత్తుల పరంగా ఆవు పాలకు దగ్గరగా వచ్చేది ప్రధానంగా సోయానే. ఓట్స్ పానీయాన్ని దాని తర్వాత పెట్టవచ్చు, కానీ అందులో మాంసకృత్తులు సోయాలో మూడో వంతు మాత్రమే ఉంటాయి కనుక లోటును పప్పు, గుడ్డు, చేపలతో పూడ్చాలి. కొనేటప్పుడు ప్యాకెట్టు ముందు వైపు బొమ్మను వదిలేసి వెనుక పట్టికను చదవండి. 100 మిల్లీలీటర్లకు మాంసకృత్తులు 3 గ్రాముల దరిదాపుల్లో, కాల్షియం 120 మిల్లీగ్రాముల వద్ద ఉండాలి; విటమిన్ డి, బి12 కలిపినట్టు రాసి ఉండాలి; చక్కెర కలపనిదై ఉండాలి. మాంసాహారం తినని ఇళ్లలో బి12 మీద ప్రత్యేక శ్రద్ధ అవసరం, ఎందుకంటే అంతవరకు ఆ విటమిన్ వచ్చిన దారి పాలు, పెరుగే. కలిపిన కాల్షియం ప్యాకెట్టు అడుగున పేరుకుంటుంది కనుక ప్రతిసారీ బాగా కుదిపి పోయాలి. ఇంట్లో సోయా చిక్కుడు గింజలు రాత్రంతా నానబెట్టి రుబ్బుకునేవారు ఆ పాలను కనీసం పావుగంట మరిగించాలి, పచ్చిగా ఉంటే అరగవు. ఇంటి పాలలో మాంసకృత్తులు దొరుకుతాయి గాని కాల్షియం తక్కువే అన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ కాల్షియం లోటును మన వంటింటి సరుకులే చాలావరకు తీరుస్తాయి. 30 గ్రాముల రాగి పిండిలో వంద మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉంటుంది. రాగులను మొలకలు కట్టించి, ఎండబెట్టి పిండి పట్టిస్తే ఒంటికి మరింత బాగా పడుతుంది. నువ్వులు, బెల్లం కలిపి దంచిన చిమ్మిలిని చిన్న ముద్దగా ఇవ్వవచ్చు, అయితే నువ్వులు కూడా కొందరికి అలర్జీ కలిగిస్తాయి గనుక మొదటిసారి చిటికెడుతోనే మొదలుపెట్టాలి. పప్పులో మునగాకు, ముల్లుతో సహా మెత్తగా ఉడికించి మెదిపిన నెత్తళ్లు కూడా మంచివే. ఇవన్నీ తింటున్న బిడ్డకు గ్లాసుల కొద్దీ పానీయం అవసరం ఉండదు. నిజానికి ఏ పాలైనా రోజుకు అరలీటరు మించితే అన్నం మీద ధ్యాస పోతుంది, ఒంట్లో ఇనుము తగ్గుతుంది.

లాక్టోజ్ ఇబ్బంది మాత్రమే ఉన్న బిడ్డకు ఇంత అవస్థ అక్కర లేదు. లాక్టోజ్ లేని పాలు దొరుకుతాయి, పెరుగన్నం కొనసాగించవచ్చు. కానీ ఆ పాలలో మాంసకృత్తులు అలాగే ఉంటాయి గనుక అలర్జీ ఉన్న బిడ్డకు అవి ససేమిరా పనికిరావు.

అలర్జీ ఉన్న ఇంట్లో అసలు కష్టం గ్లాసులో కాదు, మరుగున ఉన్న పాలతో వస్తుంది. జ్యూస్ దుకాణంలో అమ్మే ‘బాదం పాలు’ పేరుకే బాదం, అవి ఆవు లేదా గేదె పాలే. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో పాలపొడి ఉంటుంది. లేబుల్ మీద కేసీన్, వే, మిల్క్ సాలిడ్స్ అన్న మాటలు కనిపిస్తే అది పాలే. ‘నాన్ డెయిరీ’ అని రాసిన కాఫీ క్రీమర్ పొడిలో కూడా కేసినేట్ అనే పాల మాంసకృత్తు ఉండవచ్చు. మా చెల్లెలి కొడుక్కి సోయా పెరుగు తిన్నా దద్దుర్లు వచ్చి మేమంతా సోయానే తప్పుపట్టాము. తీరా ఆరా తీస్తే, మా అమ్మ ఆ సోయా పాలను అలవాటుగా ఒక చెంచా ఇంటి పెరుగుతో తోడు పెట్టింది. ఆ తర్వాత గోరువెచ్చని సోయా పాలలో నాలుగు పచ్చిమిర్చి తొడిమలు వేసి తోడు పెట్టడం మొదలుపెట్టింది. పెరుగు కాస్త వదులుగా వచ్చింది గాని పిల్లవాడి ఒళ్లు శుభ్రంగా ఉంది. నెయ్యిలో కూడా పాల మాంసకృత్తులు కొద్దిగా మిగిలి ఉంటాయి, అందుచేత వైద్యుడు సరేననే వరకు పప్పన్నంలో నూనె వేయడమే మేలు.

కొత్త పానీయానికి మార్చాక నెలనెలా బరువు తూచి తల్లీబిడ్డల కార్డులోని ఎదుగుదల గీతపై గుర్తించండి. గీత చదునుగా సాగితే పానీయాన్ని మళ్లీ మార్చే ముందు వైద్యుడికి చూపించండి. ఆవు పాల అలర్జీ చాలా మంది పిల్లల్లో బడి వయసుకు తగ్గిపోతుంది కనుక, ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి మళ్లీ పాలు ఇచ్చి చూసే పరీక్ష ఎప్పుడు చేయాలో వైద్యుడినే అడగండి. ఆ మొదటి చెంచా ఇంట్లో, చుట్టాలు వచ్చిన రోజున, ‘కొంచెం నాకించి చూద్దాం’ అంటూ జరగకూడదు. ఆసుపత్రిలో, పొద్దుటి పూట, బిడ్డకు జలుబు గాని జ్వరం గాని లేనప్పుడు జరగాలి.