అనంతపురంలో హాస్టల్‌లో దిగేముందు

కాలేజీలో చేరడానికి అనంతపురం వస్తున్న చెల్లెళ్లూ, సామాన్లు దించకముందే ఇవి చూసుకోండి.

– అడ్వాన్స్ ఇచ్చేముందు గది కంటే ముందు బాత్రూంలో కొళాయి తిప్పి చూడండి, అదీ సాయంత్రం పూట. మనది కరువు సీమ. "నీళ్లకేం కొదవ లేదమ్మా" అన్న వార్డెన్ మాట నమ్మి, మొదటి నెలంతా నేను రోజుకు రెండు బకెట్లతోనే స్నానం, బట్టలు కానిచ్చాను. ఖాళీ చేస్తే అడ్వాన్స్‌లో ఎంత తిరిగిస్తారో రసీదు మీదే రాయించుకోండి. నోటిమాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

– తలుపు గడియ లోపలినుంచి గట్టిగా పడుతోందా? సొంత తాళం తెచ్చుకోండి.

– ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం)లో సీటొచ్చినవాళ్లకు: క్యాంపస్ ఊరి బయట. రాత్రి చివరి బస్సు ఎన్నింటికో మొదటిరోజే కండక్టర్‌ని అడగండి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో మన ఆడవాళ్లకు టికెట్ ఉచితమే గానీ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి.

– 112 (అత్యవసర సాయం), 181 (మహిళల హెల్ప్‌లైన్) ఫోన్‌లో సేవ్ చేసుకోండి. "పరిచయం" పేరుతో సీనియర్లు ఏడిపిస్తే యాంటీ ర్యాగింగ్ నంబర్ 1800-180-5522. భయపడి ఊరుకోవద్దు.

– బొరుగులతో చేసే ఉగ్గాని, దాంతో ఇచ్చే మిరపకాయ బజ్జీకి జాగ్రత్తలేమీ అక్కర్లేదు. ఆ మిరపకాయ కారం మాత్రం చూసుకోండి.