మింగడం కష్టమైనవారికి తినిపించడం - పాఠం 3: చిక్కదనం, కూర్చోబెట్టే తీరు, గుటక

పక్షవాతం వచ్చాక గుటక ఆలస్యంగా మొదలవుతుందని గత పాఠంలో చూశాం. శ్వాసనాళం మూసుకునేలోపే నోట్లోది గొంతులోకి జారుతుంది. పలచటి నీళ్లు అన్నిటికన్నా వేగంగా జారతాయి. "అన్నం వద్దులే, కాసిని కొబ్బరినీళ్లు పట్టండి" అని చూడవచ్చినవాళ్లు ప్రేమగా చెబుతారు. చాలామంది రోగులకు ఎక్కువ ప్రమాదం ఆ నీళ్లతోనే.

స్పీచ్ థెరపిస్టు (మాట, మింగడం సమస్యలు చూసే నిపుణులు) పరీక్షించి, నోటితో ఇవ్వచ్చని, ఎంత చిక్కగా ఇవ్వాలో చెప్పినవారికే ఈ పాఠం. మగతగా ఉన్న మనిషికి చెంచాడు కూడా పట్టకూడదు.

చిక్కదనాన్ని కంటితో అంచనా వేయకండి. ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ పద్ధతిలో సిరంజితో కొలుస్తారు. సూది లేని 10 మి.లీ. సిరంజి తీసుకోండి. దాని మీద 0 నుంచి 10 గీత వరకు పొడవు 61.5 మి.మీ. ఉండాలి, అన్ని కంపెనీలవీ ఒకేలా ఉండవు, స్కేలు పెట్టి చూడండి. లోపలి కాడ తీసేసి, మొనను వేలితో మూసి, 10 గీత దాకా పోయండి. వేలు తీసి, సరిగ్గా 10 సెకన్లకు మళ్లీ మూయండి. 1 మి.లీ. కన్నా తక్కువ మిగిలితే అది నీళ్లతో సమానం, 0 స్థాయి. 1-4 మిగిలితే 1వ స్థాయి, 4-8 మిగిలితే 2, 8 కన్నా ఎక్కువ మిగిలితే 3. చుక్క కూడా కారకపోతే 4.

రాగిజావ వేడిగా ఉన్నప్పుడు పలచగా, చల్లారాక చిక్కగా ఉంటుంది. కాబట్టి తాగించే వేడిలోనే కొలవండి. మజ్జిగ కలిపితే మళ్లీ కొలవాలి. ఇంకో చిక్కు ఉంది: లాలాజలం పిండిపదార్థాన్ని కరిగిస్తుంది. నోట్లో పెట్టిన చెంచాను గిన్నెలో ముంచుతూ పోతే జావ కాసేపట్లోనే పలచబడుతుంది. చిన్న గిన్నెలో కొంచెం కొంచెం పోసుకోండి. థెరపిస్టు జాంథాన్ గమ్ అనే చిక్కబరిచే పొడి రాసిస్తే ఈ బాధ ఉండదు. చెప్పినదానికన్నా చిక్కగా చేస్తే మేలనుకోవద్దు. అది గొంతులో పేరుకుంటుంది, మనిషి తాగడం తగ్గిస్తాడు, ఒంట్లో నీరు తగ్గుతుంది. మూత్రం ముదురు రంగులో వస్తోందేమో చూసుకోండి.

చారన్నం మానేయండి. మెతుకు నములుతుండగానే చారు ముందు జారిపోతుంది. మెత్తగా ఉడికిన అన్నంలో ముద్దపప్పు, నెయ్యి వేసి, విడిగా నీరు తేలకుండా ఒకే ముద్దగా మెదపండి. ఐస్‌క్రీమ్ నోట్లో కరిగి నీళ్లవుతుంది, అదీ వద్దు.

మంచం మీద దిండ్లు ఆనిస్తే మనిషి కిందికి జారిపోతాడు. కుర్చీలో నడుము వెనక్కి ఆనేలా, నిటారుగా, పాదాలు నేలకు తగిలేలా కూర్చోబెట్టండి. మీరూ ఎదురుగా కూర్చోండి. నిలబడి పెడితే ఆయన తల ఎత్తాల్సి వస్తుంది, అప్పుడు శ్వాసనాళం తెరుచుకుంటుంది. టీవీ ఆపండి. తింటుండగా ప్రశ్నలు అడగొద్దు.

అర టీస్పూను, అంటే 2-3 మి.లీ., బాగున్న వైపు నాలుక మీద పెట్టండి. గొంతుముడి మీద రెండు వేళ్లు తేలికగా ఆనిస్తే గుటక పడ్డప్పుడు అది పైకి లేస్తుంది. లేవకుండా రెండో చెంచా పెట్టకండి. తొందరపడి తినిపించేవాళ్ల చేతిలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. గుటక పడ్డాక ఖాళీ నోటితో ఇంకోసారి మింగమనండి. ఆపైన "ఆ" అనిపించండి. గొంతు గరగరలాడితే దగ్గి, మళ్లీ మింగాలి. అప్పటికీ తగ్గకపోతే ఆ పూటకు ఆపేయండి. చివర పక్షవాతం వచ్చిన వైపు బుగ్గలో మెతుకులు దాక్కున్నాయేమో చూసి తీసి, నోరు శుభ్రం చేయండి. మరో 30 నిమిషాలు కూర్చోబెట్టే ఉంచండి.

పొలమారితే నడినెత్తిన తట్టడం, నీళ్లు పట్టడం మన అలవాటు. రెండూ వద్దు. ముందుకు వంచి దగ్గనివ్వండి. దగ్గు రాక, మాట రాక, ఊపిరి ఆడకపోతే వీపు మీద రెక్కల మధ్య, మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో 5 సార్లు గట్టిగా కొట్టండి. తగ్గకపోతే వెనక నిలబడి బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి 5 సార్లు లోపలికి, పైకి నొక్కండి. ఊపిరి ఆడేదాకా రెండూ మార్చి మార్చి చేస్తుండాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

కొందరికి ఊపిరితిత్తుల్లోకి పోతున్నా దగ్గు రాదు. జ్వరం, ఆయాసం, పెరిగిన కఫం కనిపిస్తే నోటితో ఇవ్వడం ఆపి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తర్వాతి పాఠం: మాత్రలు ఎలా ఇవ్వాలి, ఏవి నూరకూడదు.