విశాఖలో అద్దె ఇల్లు: అగ్రిమెంట్ మీద సంతకానికి ముందు

ఉద్యోగానికో చదువుకో విశాఖ వచ్చి, టులెట్ బోర్డులన్నీ తిరిగి ఇల్లు ఖాయం చేసుకున్నాక, ఓనరుగారు స్టాంపు పేపరు మీద టైపు చేయించిన అగ్రిమెంట్ చేతికిస్తారు. "అన్నీ మామూలువేనండి, సంతకం పెట్టేయండి" అంటారు. చాలావరకు మామూలువే. కానీ అడ్వాన్స్ వెనక్కి ఇచ్చే రోజున లెక్కలు తేల్చేది ఆ మామూలు వాక్యాలే.

ముందు 11 నెలల సంగతి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, కానీ ఆంధ్రప్రదేశ్ సవరణతో ఇక్కడ ఎంత కాలం లీజుకైనా తప్పనిసరే. అయినా ఆ ఖర్చూ తిరుగుడూ ఉండదనుకుని చాలామంది 11 నెలలకే రాసుకుంటారు. గడువయ్యాక సామాన్లు సర్దుకోవాలని కాదు, ఇద్దరికీ ఇష్టమైతే మళ్లీ రాసుకుంటారు. అప్పుడు అద్దె ఎంత శాతం పెంచుతారో ఇప్పుడే అంకెతో రాయించండి. "పరస్పర అంగీకారం మేరకు" అని వదిలేశారంటే, ఓనరు అంగీకారం మేరకు అనే చదువుకోవాలి.

నోటీసు గడువు ఇద్దరికీ ఒకటే ఉందో లేదో చూడండి. ఏమీ రాసుకోకపోతే నెలవారీ అద్దె ఇంటికి చట్టం చెప్పేది 15 రోజులే. పిల్లల బడి మధ్యలో అది ఏం సరిపోతుంది?

ఇక వైజాగ్‌లో అసలు తగువు తుప్పు దగ్గర. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఇల్లయితే ఉప్పుగాలికి కిటికీ గ్రిల్లు, గేటు గొళ్లెం, ఏసీ బయటి యూనిట్ చూస్తుండగానే పాడవుతాయి. అగ్రిమెంట్‌లో "తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి" అని మాత్రమే ఉంటే ఆ తుప్పంతా మీ అడ్వాన్స్‌లోంచి కోసుకోవచ్చు. పక్కనే "సహజ అరుగుదల మినహా" అని రాయించండి. ఇది మీరు కొత్తగా కోరుతున్నదేం కాదు, 1882 ఆస్తి బదిలీ చట్టంలో ఉన్నదే. సామాన్లు దించకముందే గ్రిల్లు కింది అంచులు, సింకు కింద పైపు, స్లాబు మీద చెమ్మ మచ్చలు, కరెంటు మీటరు రీడింగు ఫోటోలు తీసి ఓనరుకి వాట్సాప్‌లో పెట్టేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరిది. తుఫానుకి అద్దాలు పగిలితే ఎవరు వేయించాలో ఒక లైను ఉండాలంటే ఇక్కడ ఎవరూ వింతగా చూడరు.

పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం కూడా చాలాచోట్ల ఉంది. ఉండేదే అయితే అది ఎంత అనేది ముందే రాసుకోండి. మెయింటెనెన్స్ అద్దెలో కలిసిందా, ఎండాకాలం ట్యాంకరు నీళ్ల డబ్బులు ఎవరివి, సబ్ మీటరైతే యూనిట్‌కి ఎంత, ఇవి నోటిమాటగా వదిలేయొద్దు. ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపుకి అద్దె చూపించేవాళ్లు, అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు కూడా అప్పుడే అడిగేయండి. తర్వాత అడిగితే ముఖాలు మారతాయి.

ఓనరు అమెరికాలో ఉండి, తాళాలు బావమరిదిగారు ఇస్తున్నారా? ఆయన పేర పవర్ ఆఫ్ అటార్నీ ఉందేమో చూసి, కాపీ తీసుకోండి. ఓనరు ఎన్ఆర్ఐ అయితే అద్దెలో టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) పట్టి ప్రభుత్వానికి కట్టే బాధ్యత మీదే. ఇక్కడి ఓనర్లకున్న నెలకు 50 వేల పరిమితి వాళ్లకి వర్తించదు. మొదటి నెల అద్దె పంపకముందే ఆడిటర్‌ని కలవండి.